భాగం-14: డేటా జర్నలిజం, మానవ హక్కులు – తెలంగాణ రేషన్ కార్డుల ఉదంతం

14.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• డేటా జర్నలిజానికీ మానవ హక్కులకూ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
• ప్రభుత్వ డేటా వ్యవస్థల్లో వ్యక్తుల రికార్డులను జోడించే పద్ధతిని, అందులో దొర్లే తప్పులను ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• ఒక అంకెను వార్తలో వాడే ముందు దాన్ని ఎలా పరీక్షించాలో తెలుసుకుంటారు.
• బాధితుల గోప్యతను కాపాడుతూ పరిశోధన చేసే విధానాన్ని గుర్తించగలుగుతారు.

14.1 ప్రవేశిక

హైదరాబాద్‌లోని హైటెక్ సిటీలో మొదటి భవనం సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు. ఆ తరవాత మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ప్రాంతాలు కలిసి ఐటీ కారిడార్‌గా ఎదిగాయి. ఈ కారిడార్‌లో పనిచేసే ఇంజినీరుకు డేటా అంటే జీవనోపాధి. అవే భవనాల్లో కాపలా కాసేవారికి, ఊడ్చి తుడిచేవారికి, బయట టీ అమ్ముకునేవారికి డేటా అంటే వేరే అర్థం ఉంది. తమ పేరు ఏదో ఒక జాబితాలో ఉండటమో, ఉండకపోవడమో వాళ్ళకు డేటా.

సంపర్క తరగతుల్లో ఒక విద్యార్థి నన్ను అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. అతను రాత్రి పూట ఒక ఐటీ భవనంలో సెక్యూరిటీ గార్డుగా పనిచేస్తూ డిగ్రీ చదువుతున్నాడు. "సర్, మా అమ్మ రేషన్ కార్డు ఎందుకు పోయిందని ఆఫీసులో అడిగితే కంప్యూటర్ తీసేసిందన్నారు. మరి కంప్యూటర్‌ను ఎవరు అడగాలి?" అన్నాడు. ఆ రోజు నా దగ్గర సరైన సమాధానం లేదు. ఈ భాగం ఒక రకంగా ఆ ప్రశ్నకు సమాధానం వెతికే ప్రయత్నమే.

డేటా జర్నలిజం అంటే అంకెల పట్టికలను, ప్రభుత్వ రికార్డులను, కంప్యూటర్ వ్యవస్థలను సమాచార వనరులుగా తీసుకుని, వాటిని పరీక్షించి, వాటిలోని వాస్తవాన్ని పాఠకులకు చెప్పడం. డేటా అనే మాటకు బదులు దత్తాంశం అనే మాటను కూడా పాఠ్యపుస్తకాల్లో చూస్తారు. ఈ భాగంలో పత్రికల వాడుకను అనుసరించి డేటా అనే వాడుతున్నాం.

14.2 నేపథ్యం: ఒక హక్కు, ఒక డేటా వ్యవస్థ

ఆహారం దానంగా ఇచ్చేది కాదు, హక్కు. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన విశ్వ మానవ హక్కుల ప్రకటనలోని 25వ అధికరణం తగిన జీవన ప్రమాణంలో భాగంగా ఆహారాన్ని పేర్కొంది. మన రాజ్యాంగంలోని 21వ అధికరణం జీవించే హక్కుకు హామీ ఇస్తుంది. 2001లో సుప్రీంకోర్టులో మొదలైన ఆహార హక్కు కేసు, 2013లో పార్లమెంటు చేసిన జాతీయ ఆహార భద్రతా చట్టం ఈ హక్కుకు చట్టబద్ధమైన రూపం ఇచ్చాయి. తెలంగాణలో ఆహార భద్రతా కార్డు ఈ హక్కుకు గుర్తు. వాడుకలో దీన్నే రేషన్ కార్డు అంటాం.

రాష్ట్రం ఏర్పడిన తరవాత 2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం ఒకే రోజున సమగ్ర కుటుంబ సర్వే జరిపింది. అనంతరం వివిధ శాఖల దగ్గర విడివిడిగా ఉన్న రికార్డులను కలిపి, ఒక్కొక్క వ్యక్తికి సంబంధించిన వివరాలను ఒకే చోట చూపే 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థను రూపొందించింది. వాహనాల రిజిస్ట్రేషన్, ఆస్తులు, విద్యుత్ కనెక్షన్ల వంటి రికార్డులు ఇందులో చేరాయి. పేర్లను, చిరునామాలను జోడించే సాఫ్ట్‌వేర్ హైదరాబాద్‌కే చెందిన పోసిడెక్స్ టెక్నాలజీస్ సంస్థది. సంక్షేమ పథకాల్లో అనర్హులను గుర్తించడం ఈ వ్యవస్థ ఉద్దేశాల్లో ఒకటి.

అనర్హులను తొలగించాలన్న ఉద్దేశంలో తప్పు లేదు. పేదల బియ్యం పక్కదారి పట్టకూడదని అందరూ కోరుకుంటారు. అయితే అనర్హుడెవరో తేల్చే పద్ధతి సరైనదేనా, తొలగించే ముందు ఆ కుటుంబానికి చెప్పారా, వారి మాట విన్నారా అన్నవి వేరే ప్రశ్నలు. మానవ హక్కుల పాత్రికేయం మొదలయ్యేది ఇక్కడే.

14.3 జోడింపు ఎలా జరుగుతుంది? ఎక్కడ తప్పుతుంది?

రేషన్ కార్డుల జాబితాలో ఒక పేరు ఉంది. వాహనాల జాబితాలో అలాంటి పేరే ఉంది. ఇద్దరూ ఒకరేనా? ఈ ప్రశ్నకు సాఫ్ట్‌వేర్ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చిరునామా వంటి అంశాలను పోల్చి, పోలిక ఎంత దగ్గరగా ఉందో లెక్కిస్తుంది. ముందుగా నిర్ణయించిన స్థాయికి మించి పోలిక ఉంటే ఇద్దరినీ ఒక్కరిగా భావిస్తుంది. ఆ స్థాయిని 'పోలిక హద్దు' అందాం.

మన పేర్ల విషయంలో ఈ పోలిక చాలా కష్టం. లక్ష్మి అనే పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఒక గుమాస్తా ఎక్స్ అక్షరంతో రాస్తాడు, మరొకరు కె, ఎస్, హెచ్ అక్షరాలతో రాస్తారు. ఒక శాఖలో ఇంటి పేరు ముందు వస్తుంది, మరో శాఖలో పొడి అక్షరమే మిగులుతుంది. పాతబస్తీలో ఒకే వీధిలో సయ్యద్, మహ్మద్, అలీ అనే పేర్లు కలిసిన వ్యక్తులు ఎందరో ఉంటారు. బస్తీల్లో ఇంటి నంబర్లు బైనంబర్లుగా చీలిపోయి ఉంటాయి. అందువల్ల యంత్రం కొంత వెసులుబాటుతో పోల్చక తప్పదు. వెసులుబాటు ఇచ్చిన చోట రెండు రకాల తప్పులు వస్తాయి.

(అ) తప్పుడు జోడింపు: ఇద్దరు వేర్వేరు వ్యక్తులను ఒకరిగా భావించడం. దీనివల్ల ఎవరి కారో మరొకరి పేరున పడుతుంది.
(ఆ) తప్పిన జోడింపు: ఒకే వ్యక్తిని ఇద్దరిగా భావించడం. దీనివల్ల నిజంగా కారున్న వ్యక్తి దొరకకుండా పోతాడు.

పోలిక హద్దును తగ్గిస్తే మొదటి తప్పు పెరుగుతుంది. పెంచితే రెండోది పెరుగుతుంది. రెండూ లేని హద్దు ఉండదు. కాబట్టి హద్దు ఎక్కడ పెట్టాలన్నది కేవలం సాంకేతిక విషయం కాదు. ఎవరికి నష్టం జరిగినా ఫరవాలేదని మనుషులు తీసుకున్న నిర్ణయం అది. కంప్యూటర్ తీసేసిందని చెప్పినప్పుడు ఈ నిర్ణయం కనిపించకుండా పోతుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూడండి. 1,00,000 కుటుంబాలను పరిశీలించిన వ్యవస్థ 98 శాతం సరిగ్గా పనిచేసిందనుకుందాం. పరీక్షలో 98 మార్కులంటే గొప్పే. కాని ఇక్కడ మిగిలిన 2 శాతం అంటే 2,000 కుటుంబాలు. ఇంటికి నలుగురు చొప్పున 8,000 మంది. శాతాన్ని మనుషుల సంఖ్యలోకి మార్చి చూడటం డేటా పాత్రికేయుడికి ఉండవలసిన మొదటి అలవాటు.

14.4 పరిశోధన ఎలా సాగింది?

2024 జనవరిలో అల్ జజీరా ఒక పరిశోధనాత్మక కథనాన్ని ప్రచురించింది. పాత్రికేయులు తపస్య, కుమార్ సంభవ్, న్యాయ పరిశోధకుడు దివిజ్ జోషి కలిసి దీన్ని రూపొందించారు. పులిట్జర్ సెంటర్ సహకారం అందించింది. ఆ పరిశోధనను మూడు మెట్లుగా అర్థం చేసుకోవచ్చు.

14.4.1 మనిషి దగ్గర మొదలు: హైదరాబాద్‌లోని ఒక పేద కుటుంబంలో రిక్షా తొక్కి బతికిన ఒక వ్యక్తిని ఈ వ్యవస్థ కారు యజమానిగా గుర్తించింది. దాంతో ఆ కుటుంబానికి చౌక బియ్యం అందలేదు. పేరులో పోలిక ఉన్న మరో వ్యక్తి కారు ఈయన ఖాతాలో పడింది. ఈయన మరణించిన తరవాత భార్య ఆ తప్పుతోనే పోరాడవలసి వచ్చింది. కారు ఉంటే కాగితం చూపవచ్చు. లేని కారును లేదని నిరూపించడానికి పేదవారు ఏ కాగితం తేవాలి? నిరూపణ భారం ప్రభుత్వం నుంచి పౌరుడి మీదికి మారడమే ఈ ఉదంతంలోని అసలు హక్కుల సమస్య.

14.4.2 రికార్డుల కోసం అడగడం: ఒక్క కుటుంబం కథతో వ్యవస్థ లోపాన్ని నిరూపించలేం. పరిశోధకులు సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తులు పెట్టారు. వాటి ద్వారా, ఇతర ప్రభుత్వ పత్రాల ద్వారా తేలిన లెక్క ఇది: 2014–2019 మధ్య రాష్ట్రంలో 18.6 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యాయి. మరో 1,42,086 కొత్త దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యాయి. ముందస్తు నోటీసు ఇవ్వకుండానే ఇవి జరిగాయి. సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్ కావాలని అడిగినప్పుడు, దానిపై హక్కులు కంపెనీవని చెప్పి అధికారులు నిరాకరించారు. నిరాకరణ కూడా సమాచారమే అని గుర్తుంచుకోండి. పౌరుడి తిండిని నిర్ణయించే సూత్రం పౌరుడికి తెలియకూడని వ్యాపార రహస్యంగా మారిందని ఆ జవాబు చెబుతోంది.

14.4.3 కోర్టు, క్షేత్ర పరిశీలన: హైదరాబాద్‌కు చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ కార్డుల రద్దును సవాలు చేశారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రద్దయిన కార్డులపై క్షేత్రస్థాయి పరిశీలన జరపాలని తెలంగాణ ప్రభుత్వాన్ని ఆదేశించింది. అంటే కంప్యూటర్ తేల్చిన దాన్ని మనుషులు ఇళ్ళకు వెళ్ళి సరిచూడాలన్నమాట. పరిశోధన బృందం సేకరించిన వివరాల ప్రకారం 4,91,899 దరఖాస్తులు వచ్చాయి. వాటిలో 2,05,734 పరిశీలన పూర్తయ్యేసరికి 15,471 కుటుంబాలు అర్హులని తేలింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
గమనిక: మీ సమాధానాన్ని నోటు పుస్తకంలో రాసి, భాగం చివర ఇచ్చిన నమూనా సమాధానంతో పోల్చుకోండి.
1. తప్పుడు జోడింపు, తప్పిన జోడింపు మధ్య తేడా ఏమిటి?
2. సోర్స్ కోడ్ ఇవ్వడానికి నిరాకరించడం పాత్రికేయుడికి ఎందుకు ముఖ్యం?

14.5 అంకెను చదవడం

పై అంకెలతో వార్త ఎలా రాయాలి? ముందు శాతం లెక్క వేయండి. 15,471ని 2,05,734తో భాగిస్తే సుమారు 7.5 శాతం వస్తుంది. పరిశీలించిన ప్రతి 13 దరఖాస్తుల్లో దాదాపు ఒకటి తప్పుగా రద్దయిందన్నమాట. ఇంతవరకు గట్టి నేల మీదే ఉన్నాం.

ఇక్కడ విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది. రద్దయిన 18.6 లక్షల కార్డులకు 7.5 శాతం వర్తింపజేసి, 1.4 లక్షల కుటుంబాలు నష్టపోయాయని శీర్షిక పెడతారు. అది తప్పు. పునఃపరిశీలన కోరినవారు రద్దయిన అందరికీ ప్రతినిధులు కారు. కబురు అందనివారు, ఊరు విడిచినవారు, ఆశ వదులుకున్నవారు దరఖాస్తే పెట్టి ఉండకపోవచ్చు. నిజమైన శాతం ఇంతకన్నా ఎక్కువ కావచ్చు, తక్కువ కావచ్చు. అలాగే 2014 నుంచి జరిగిన ప్రతి రద్దుకూ సమగ్ర వేదికే కారణమని కూడా రాయకూడదు. చెప్పగలిగింది ఒక్కటే: పరిశీలించినంత వరకు 15,471 కుటుంబాలకు అన్యాయం జరిగింది, లెక్క అందేనాటికి ఇంకా 2,86,165 దరఖాస్తులు తేలవలసి ఉన్నాయి. ఈ వాక్యం చాలా బలమైనది. దాన్ని పెంచి చెప్పవలసిన అవసరం లేదు. పెంచి చెప్పిన ఒక్క అంకెను పట్టుకుని మొత్తం కథనాన్ని కొట్టిపారేస్తారు.

రెండో మెలకువ, హారం గురించి. ప్రభుత్వ ప్రకటనలు సాధారణంగా ఎన్ని కార్డులు తొలగించామో, ఎంత సొమ్ము ఆదా అయిందో చెబుతాయి. తొలగించిన వారిలో ఎందరు అర్హులో చెప్పవు. ఆదా అనే మాటలో అర్హుడి నోటి దగ్గర నుంచి లాగేసిన బియ్యం కూడా కలిసి ఉండవచ్చు. అందుకే ఏ అంకె కనిపించినా, ఎంతమందిలో అని అడగాలి. ఎవరిని లెక్కలోకి తీసుకోలేదో కూడా అడగాలి.

మూడోది భాష. ఆ రోజుల్లో పత్రికల్లో 'బోగస్ కార్డుల ఏరివేత' అనే శీర్షికలు వచ్చేవి. క్లుప్తంగా ఉన్నాయని వాటినే నేను తరగతిలో మంచి శీర్షికలకు నమూనాగా చూపించాను. అది నా పొరపాటు. బోగస్ అన్న మాటే తీర్పు. విచారణ జరగకుండా తీర్పు చెప్పేశాం. ఏరివేత అంటే బియ్యంలో రాళ్ళను ఏరి పారేయడం. ఆ మాట వాడిన క్షణంలో 15,471 కుటుంబాలు మన శీర్షికలో రాళ్ళయ్యాయి. 'రద్దయిన కార్డులు' అని రాసి ఉంటే సరిపోయేది. అప్పుడు ఎందుకు రద్దయ్యాయన్న ప్రశ్నకు చోటుండేది.

14.6 వీధుల్లో సేకరించిన డేటా

డేటా ఎప్పుడూ ప్రభుత్వ ఫైళ్ళలోనే దొరకదు. కొన్నిసార్లు మనమే పోగు చేసుకోవాలి. హైదరాబాద్‌లో నిఘా కెమెరాల గురించి జరిగిన పని ఇందుకు మంచి ఉదాహరణ. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్, ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్, ఆర్టికల్ 19 సంస్థలు వలంటీర్ల సహాయంతో కొన్ని ప్రాంతాల్లో బయట కనిపించే కెమెరాలను గుర్తించి పటం మీద నమోదు చేశాయి. 2021 నవంబరులో వెల్లడించిన అంచనా ప్రకారం కాలాపత్తర్‌లో 53.7 శాతం, కిషన్‌బాగ్‌లో 62.7 శాతం విస్తీర్ణం కెమెరాల పరిధిలో ఉంది. అదే సంవత్సరం మే నెలలో లాక్‌డౌన్ సమయంలో పోలీసులు మాస్కు తీయించి ఫోటో తీశారంటూ ఎస్.క్యూ. మసూద్ ముఖ గుర్తింపు సాంకేతికతను ప్రశ్నించారు. దానిపై వేసిన పిటిషన్ తెలంగాణ హైకోర్టుకు చేరింది.

ఈ పద్ధతికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. ఫోను, పటం, ఓపిక చాలు. అయితే ఇక్కడ కూడా రెండు ప్రాంతాల అంకెను నగరమంతటికీ వర్తింపజేయకూడదు. కెమెరాల సంఖ్యకు, వాటికి ముఖ గుర్తింపు సాఫ్ట్‌వేర్ జోడించారా అన్న విషయానికి మధ్య తేడాను పాఠకులకు స్పష్టం చేయాలి.

14.7 ఇతర దేశాల అనుభవం

ఇది మన రాష్ట్రానికే పరిమితమైన సమస్య కాదు. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం పొందిన వేలాది తల్లిదండ్రులపై పన్నుల శాఖ తప్పుగా మోసం ముద్ర వేసింది. త్రౌ పత్రిక, ఆర్‌టీఎల్ న్యూస్ పాత్రికేయులు ఆ విషయాన్ని వెలికితీయడంలో ముఖ్యపాత్ర వహించారు. 2021 జనవరిలో అక్కడి ప్రభుత్వమే రాజీనామా చేసింది. ఆస్ట్రేలియాలో సంవత్సర ఆదాయాన్ని సగటు చేసి పేదలు బాకీ పడ్డారని తేల్చిన 'రోబోడెట్' పథకం చట్టవిరుద్ధమని తేలింది. దానిపై రాయల్ కమిషన్ 2023లో నివేదిక ఇచ్చింది. ఈ మూడు చోట్లా సామాన్య అంశం ఒకటే. ముందు శిక్ష, తరవాత విచారణ.

14.8 పాత్రికేయుడి బాధ్యతలు

(1) సమ్మతి: బాధితుల పేరు, ఫోటో వాడే ముందు దాని పర్యవసానాలను వారి భాషలో, వారికి అర్థమయ్యేలా వివరించాలి. రేపు అదే కార్యాలయానికి వారే మళ్ళీ వెళ్ళవలసి ఉంటుంది.
(2) గోప్యత: ఆధార్, కార్డు, ఫోను నంబర్లను ప్రచురించకూడదు. ఫోటోలో కార్డు కనిపిస్తే నంబరును కప్పివేయాలి. ప్రభుత్వ వెబ్‌సైటులో పొరపాటున బయటపడిన జాబితా దొరికినా, దాన్ని పంచకుండా లోపాన్ని మాత్రమే చెప్పాలి.
(3) వివరణ: ఆరోపణ ఎదుర్కొంటున్న శాఖకు, కంపెనీకి తగిన వ్యవధి ఇచ్చి జవాబు కోరాలి. జవాబు వస్తే న్యాయంగా ప్రచురించాలి.
(4) చట్ట పరిజ్ఞానం: 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో పాత్రికేయానికి ప్రత్యేక మినహాయింపు లేదు. ఆ చట్టం సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(జె)ను కూడా మార్చింది. వ్యక్తిగత సమాచారం పేరుతో దరఖాస్తులను తిరస్కరించే అవకాశం దీనివల్ల పెరుగుతుందని సమాచార హక్కు కార్యకర్తలు విమర్శించారు. అందువల్ల వ్యక్తుల పేర్లు అడగకుండా మొత్తం సంఖ్యలు, కారణాలు, నిబంధనల ప్రతులు అడిగేలా దరఖాస్తు రాయడం మేలు.

14.9 మీ ప్రాంతంలో చేయదగిన అభ్యాసం

మీ మండలంలో లేదా డివిజన్‌లో ఒక సంక్షేమ పథకాన్ని ఎంచుకోండి. లబ్ధి ఆగిపోయిన ఐదు కుటుంబాలతో మాట్లాడండి. ప్రతి కుటుంబానికి సంబంధించి నాలుగు విషయాలు రాసుకోండి: ఎప్పుడు ఆగింది, ముందు నోటీసు వచ్చిందా, ఏ కారణం చెప్పారు, ఎవరికి ఫిర్యాదు చేశారు. తరవాత సమాచార హక్కు కింద ఆ పథకంలో ఏడాదివారీగా తొలగింపుల సంఖ్య, కారణాలవారీ విభజన, పునరుద్ధరణల సంఖ్య, తొలగింపు నిబంధనల ప్రతి కోరండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, అసంపూర్తిగా వచ్చినా మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు చేయవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుసుము చెల్లించనక్కరలేదు.

ఐదు కుటుంబాలతో జిల్లా గురించి ఏమీ నిరూపించలేరు. ఏ ప్రశ్న అడగాలో మాత్రం తెలుసుకుంటారు. పరిశోధనలో సగం పని అదే.

14.10 సారాంశం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. కంప్యూటర్‌ను ఎవరు అడగాలి? కంప్యూటర్‌ను అడగనక్కరలేదు. పోలిక హద్దు నిర్ణయించినవారిని, ఆ ఫలితంపై సంతకం చేసిన అధికారిని, నోటీసు ఇవ్వకుండా రద్దు చేసిన శాఖను అడగాలి. తెలంగాణ రేషన్ కార్డుల ఉదంతంలో ఒక కుటుంబం, ఒక కార్యకర్త, కొందరు పాత్రికేయులు ఈ ప్రశ్న అడిగారు. మనిషి కథతో మొదలుపెట్టి, రికార్డులతో విస్తరించి, క్షేత్ర పరిశీలన ఫలితాలతో నిర్ధారించారు. డేటాతో అన్యాయం జరిగితే దాన్ని బయటపెట్టడానికి కూడా డేటా కావాలి. అయితే అంకె ఎంత చెప్పగలదో అంతే చెప్పాలి, దాని వెనక ఉన్న మనిషికి మళ్ళీ హాని జరగకుండా చూడాలి.

14.11 మీ ప్రగతిని సమీక్షించుకోండి – నమూనా సమాధానాలు

1. ఇద్దరు వ్యక్తులను ఒకరిగా భావించడం తప్పుడు జోడింపు. దీనివల్ల అర్హుడు లబ్ధి కోల్పోతాడు. ఒకే వ్యక్తిని ఇద్దరిగా భావించడం తప్పిన జోడింపు. దీనివల్ల అనర్హుడు మిగిలిపోతాడు.
2. హక్కును నిర్ణయించే సూత్రం ప్రజలకు అందుబాటులో లేదని ఆ నిరాకరణ రుజువు చేస్తుంది. కారణం తెలియనివారు ఆ నిర్ణయాన్ని సవాలు చేయలేరు.

14.12 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. తెలంగాణ రేషన్ కార్డుల ఉదంతం ఆధారంగా డేటా జర్నలిజం పరిశోధనలోని దశలను వివరించండి.
2. ప్రభుత్వ డేటా వ్యవస్థల్లో నిరూపణ భారం పౌరుడి మీద పడటం హక్కుల సమస్య ఎలా అవుతుంది? చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 7.5 శాతాన్ని రద్దయిన అన్ని కార్డులకూ ఎందుకు వర్తింపజేయకూడదు?
2. 'బోగస్ కార్డుల ఏరివేత' అనే శీర్షికను విమర్శనాత్మకంగా పరిశీలించి, ప్రత్యామ్నాయ శీర్షిక సూచించండి.

14.13 పదకోశం

అల్గారిథం: ఒక ఫలితాన్ని రాబట్టడానికి కంప్యూటర్ వరసగా అనుసరించే నియమాల సమూహం.
పోలిక హద్దు: రెండు రికార్డులు ఒకే వ్యక్తివని భావించడానికి నిర్ణయించిన కనీస పోలిక.
సోర్స్ కోడ్: సాఫ్ట్‌వేర్ పనిచేసే తీరును నిర్దేశించే మూల రాత.
హారం: ఒక శాతాన్ని ఎంత మొత్తం మీద లెక్కించారో తెలిపే సంఖ్య.
క్షేత్ర పరిశీలన: రికార్డులోని వివరాలను ఇంటికి వెళ్ళి, మనుషులతో మాట్లాడి సరిచూడటం.